వాడమంటారా, వద్దంటారా

జనవరిలో ఔలుకి పొద్దు పదిన్నరకొచ్చి
మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపు వెళ్ళిపోతుంది.
బండ తొలిచిన మా గదిలో ఆ తేడా తెలీదు.

"టాంపెరే చచ్చిపోయిందనుకోండి" అన్నాడు వేయో.
శనివారం, డ్రిల్లు. అనుకున్నాం.

డిస్కులకేం, నిక్షేపంలా ఉన్నాయి.
అక్కడ రాసిన ప్రతి అక్షరం
అరక్షణం ఆలస్యంగా ఇక్కడికి నడిచొచ్చింది.
రానిది కప్లింగ్ ఫెసిలిటీ మనసులో మాట:
ఏ తాళం ఎవరి చేతిలో ఉందో,
నాలుగు సిస్టమ్‌లు ఒకదాన్నొకటి
ఎంతవరకు నమ్మాయో.
దానికి నకలు లేదు.

పాలసీ తెరిచాను.
మొదటి పేరు టాంపెరేది, సరే.
రెండోది మాదే, కానీ
నవంబరులో తీసేసిన పాత మిషనుది.
దాన్ని లారీ ఎక్కించింది నేనే.
టూలిక్కి చుట్టిన ప్లాస్టిక్ మీద మంచు పడుతోంది అప్పుడు.
కొత్తదానికి కేబుళ్ళు కలిపాం, డిస్కులు కలిపాం,
తలుపు మీద స్టిక్కరు కూడా మార్చాం.
ఐదంకెల సీరియల్ నంబరు మాత్రం
ఎవరికి వాళ్ళం
పక్కవాళ్ళు మారుస్తార్లే అనుకున్నాం.

కొత్త మిషను గుమ్మంలోనే నిలబడింది,
పిలుపు అందని చుట్టంలా
దీపాలన్నీ వెలిగించుకుని.

సగం లేచిన ఒకే ఒక్క సిస్టమ్ మీద
పాలసీ మళ్ళీ రాశాను.
పాత కొలతలు చాలలేదు.
వేయో రై రొట్టె కాగితం వెనక పెన్సిలుతో లెక్కకట్టి
లాక్ స్ట్రక్చర్‌కి ఇంకో పదహారు మెగాబైట్లు అన్నాడు.
వేలికి అంటిన వెన్న అంకెకీ అంటింది.

అప్పుడు కన్సోల్ అడిగింది:
ఇది వేరెవరి సొత్తో. వాడమంటారా, వద్దంటారా?
ఒక్క అక్షరం చాలు జవాబుకి.

వేలు ఆగింది.
టాంపెరే చచ్చిపోయిందని అనుకున్నాం, అంతే.
అక్కడ ఈ క్షణాన
ఎవరో చేపల కొట్టు ముందు కార్డు గీకుతున్నారు.
బతికున్నవాళ్ళ చేతిలోది లాక్కోవడానికీ
అదే అక్షరం.

రైలికి ఫోన్ చేశాను.
"నేను బతికే ఉన్నా" అంది, నవ్వలేదు.
"నీ మిషను నా దగ్గర లేదు.
లింకు పీకి చేత్తో పట్టుకున్నా,
చెయ్యి లాగేస్తోంది, త్వరగా కానీ."

కొట్టాను.

తాళాలు ఒక్కొక్కటే లాగుల్లోంచి లేచొచ్చాయి.
చివరిదొకటి పదకొండు నిమిషాలు మొరాయించింది.
సగంలో ఆగిన బదిలీ, నలభై రెండు యూరోలు.
వెనక్కి పంపాం, ఎవరివో.

నంబరిప్పుడు పాలసీలో ఉంది,
నా నోటుబుక్కులో ఉంది,
వెన్న మరక పక్కన కాగితం మీదా ఉంది.
ఇంకెక్కడ ఉండాలో
సోమవారం టూలిక్కిని అడగాలి.