పడుగంత పొడుగు

నాలుగో తరగతిల నేనే పొడుగు.
ఐదో తరగతిల గూడ నేనే పొడుగు,
నేనింక ఐదుకు పోనేలేదు!

బెంచి కింద నా మోకాళ్లు పట్టయి.
ఆటోల కూసుంటే నెత్తి పైకి తాకుతది.
గుంత వచ్చినప్పుడల్లా టక్!
కొత్తవాడ నుంచి మా బడి దాక
పదకొండు గుంతలు.
లెక్కపెట్టింది నేను గాదు, నా నెత్తి.

సాత్విక్ గాడు నాకు పేర్లు పెడతడు.
సోమవారం నిచ్చెన.
మంగళవారం కరెంటు స్తంభం.
బుధవారం వానికి జొరమొచ్చింది, బడికి రాలే.
బేస్తారం వచ్చుడు వచ్చుడే
"తాటిచెట్టూ!" అన్నడు.

నా స్కర్టు మడత
అమ్మ రెండుసార్లు విప్పింది.
పైనంత ఎండకు వెలిసిన నీలం,
కింద మాత్రం బెత్తెడు గీత,
ఇన్ని దినాలు మడతల దాసుకున్న
కొత్త కొత్త ముదురు నీలం.
చూసినోళ్లందరికి తెలిసిపోతది
ఈ పిల్ల ఎంత పెరిగిందో.
అందుకే పుస్తకాల సంచి
ముంగట అడ్డం పట్టుకొని నడుస్త.

నెత్తి జరంత, మెడ జరంత, వీపు జరంత
వంచి వంచి వంచి
తెలుగు వాచకంల ప్రశ్న గుర్తు లెక్కయిన.
కింద చుక్క ఒక్కటే తక్కువ.
అది మా తమ్ముడు.
ఎప్పుడు సూడు, నా కాళ్లకాడనే ఉంటడు.

మా మొగిలి తాత జంపఖానలు నేస్తడు.
ఐతారం పొద్దుగాల
గల్లీల పడుగు చాపిండ్రు.
ఈ కొసకు తాత, ఆ కొసకు అమ్మ,
నడుమ గల్లీ పొడుగూత దారాలే దారాలు.
పాల సైకిలు ఆగింది.
నల్ల కుక్క వంగి కిందికెళ్లి పోయింది.

"తాతా, గింత పొడుగెందుకు?
జరంత కోసేయరాదు?"

తాత నవ్వలే.
తెగిన దారానికి ముడి ఏసుకుంట అన్నడు:
"కోస్తె ఇది పెండ్లి పందిట్ల పరిచే
జంపఖాన గాదు బిడ్డా,
అవ్వ పూజకాడ కూసునే ఆసనం అయితది."

"అది గూడ కావాలె గద?"

"కావాలె. ఎందుకొద్దు?
దానికి పొట్టి పడుగు ఏరే ఉన్నది.
దీన్నెందుకు కోస్త?"

నేనేం మాట్లాడలే.
గప్పుడే ఇంట్ల పాలు పొంగినయి,
అమ్మ ఉరికింది,
పడుగు కొస నా చేతుల పెట్టి.

ఓయమ్మో, ఎంత బరువు!
నాకు అలవాటే గద, వంగిన.
దారాలన్ని జోలి లెక్క కిందికి జారినయి.

"వంగకు బిడ్డా!" తాత ఒర్లిండు,
"నువ్వు వంగితే పడుగు జోలుతది!"

వీపు లేపిన.
మెడ లేపిన.
నెత్తి లేపిన.
దారాలు బిర్రుగ నిలవడ్డయి,
వీణ తీగల లెక్క.
ఏలితోటి మీటిన. చప్పుడైతే రాలే గని
ఆ కొసకు తాత చేతులు కదిలినయి.

"అంచుకు ఏ రంగు ఏస్తవు తాతా?"
"ముదురుదే. అంచెప్పుడు ముదురుగనే ఉండాలె,
లేకుంటే జంపఖాన ఏడ అయిపోయిందో
ఎట్ల తెలుస్తది?"

నేను నా స్కర్టు దిక్కు చూసుకున్న.

మంగళవారం బడికి ఫోటో తీసేటాయన వచ్చిండు.
"ప్రణవీ, ఎనక లైనుకు!" అన్నరు టీచరు.
పోయిన. సక్కగ నిలవడ్డ.
సంచి క్లాసులనే పెట్టిన.

ఎనక నుంచి అన్ని కనబడతయి తెలుసా?
ఎవరి పాపిట వంకరో,
ఎవరికి నూనె ఎక్కువయ్యిందో.
సాత్విక్ గాని నెత్తి మీద రెండు సుడులు!
రెండు సుడులుంటే రెండు పెండ్లిళ్లట,
మా అవ్వ అంటది.
వానికింక తెల్వదు.
నేను చెప్పలే. ఇంకోసారి తాటిచెట్టు అంటే
అప్పుడు చూస్త.

ఫోటో వచ్చింది.
అందరి కంటే పైన నా మొకం,
పండ్లన్ని కనబడేటట్టు నవ్వుకుంట.
కానీ ముంగట ఇంతమంది ఉంటిరి గద,
నా నీలం అంచు ఫోటోల పడలే.

గదొక్కటే నాకు మంచిగనిపియ్యలే.