ఫిరంగి

రమ్స్ ఊరెనుక కొండ మీది పాత కోటకు
గచ్చు చేసే పని నాది. పదకొండు నెలలాయె.
డంగు సున్నం ఎట్ల నూరాల్నో
ఎవ్వలు నేర్పనక్కర లేకుండె,
మా తాత చేతులకెల్లి నా చేతులకొచ్చిన పని.
ఇక్కడ దాన్ని సారూజ్ అంటరు.
పేరే వేరు. పగిలిన వేళ్లకు తాకితే అదే మంట.

మంగళవారం తూర్పు గోడ పెచ్చులు గొడుతుంటే
సుత్తె వేరే తీరుగ మోగింది.
రాయి మోత కాదు.
గోటితోని గీకిన. తుప్పు.
ఇంకింత గీకిన.
మారేడుకాయంత ఇనుప గుండు
రెండొందల ఏండ్లసంది
గోడ గొంతుల అడ్డం పడి ఉంది.

ఇంజినీరొచ్చి ఫొటోలు తీసిండు.
గుండు డబ్బాలకు, రంధ్రానికి సున్నం,
పొద్దుగూకేసరికి నున్నగ గావాలన్నడు.
కోట కింద పాతే బోర్డు గూడ అదే బండిల వచ్చింది.
ఆయనే చదివి చెప్పిండు:
సముద్రపు దొంగల అణచివేత.

నీడల కూసున్న కావలి ముసలాయన
ఖల్ఫాన్, నవ్విండు.
పండ్లు మూడే ఉన్నయి, మూడూ కనవడ్డయి.
"పడవ మాది, నీళ్లు మాయి.
నీళ్ల మీద తిరగాలంటే చీటీ వాళ్లది.
చీటీ లేనోడు దొంగ."

నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాల ఉంది.
నేనేం మాట్లాడలే.

పగటీలి ఆయన నారింజ ఒలిచిండు,
సగం నా దిక్కు జరిపిండు.
దీన్ని మేం బుర్తుగాల్ అంటం, అన్నడు,
అది మొట్టమొదట ఓడలేసుకొచ్చినోళ్ల దేశం పేరు.
మీరేమంటరు వాళ్లను?

ఆలోచించిన.
మా భాషల తోపుకున్న పేరు ఫిరంగి.
ఫిరంగి అంటే తెల్లోడే.
మీకు తొనలు మిగిలినయి తాతా,
మాకు తోపు మిగిలింది.

ఈసారి నవ్వలేదాయన.
గింజలు అరచేతిల ఊసి, ఎంచినట్టు చూసి,
"ఓడ దింపి, ఖర్జూర తోటల నడుమ
ఈ తోపులు గుంజుకొచ్చిందెవ్వలో ఎరికేనా?
తెల్లోళ్లు కొందరే.
కడమోళ్లు మీ దిక్కోళ్లు, బొంబాయి పల్టన్."
కోపంగ అనలేదు.
ఇంకో తొన ఇచ్చినట్టే అన్నడు.

నా నోట్ల పులుపు అట్లనే ఆగింది.
ఏ ఊరోడో వాడు,
ఏ కరువుకు పేరు రాయించుకున్నడో,
నెలకెన్ని రూపాయలకో.
ఈ కొండ పేరు వానికి నోరు తిరగకపోవచ్చు.
తాడు గుంజుమంటే గుంజిండు.
రాత్రి భుజం కమిలితే
ఇదే సముద్రపు ఉప్పునీళ్లు పోసుకున్నడేమో.

"నా చిన్నప్పుడిక్కడ మీ రూపాయే నడిచేది,"
ఖల్ఫాన్ ఇప్పటికీ ఆనా అంటడు, అర్ధానా అంటడు.
వాళ్ల బాబు ముత్యాలకు మునిగేటోడు.
చెవులు పగిలి, కండ్లు మసకబారి,
ఆఖరికి ఒడ్డు మీదనే పోయిండు.
పద్దు మాత్రం పోలేదు,
పెద్దకొడుకు పేరు మీదికి ఎక్కింది.
ఎన్ని రూపాయలని అడగబోయి ఊకున్న.
జగిత్యాలల ఏజెంటు కాడ నా పద్దు
నిరుడెంతో ఇప్పుడు గూడ అంతే.

సున్నం కలిపిన.
రంధ్రంల చెయ్యి వెడితే మోచేతి దాక పోయింది,
లోపల సల్లగ ఉంది,
బయట నలభై ఆరు డిగ్రీల ఎండ.
పూడ్చిన. పైసలిచ్చేది పూడ్చేటందుకే.
నున్నగ చేసిన.
చేసినంక గూడ ఎక్కడుందో నాకు తెలుస్తనే ఉంది.

గుండును రేపటి బండిల పంపాలె.
బరువెంతుంటదో చూద్దామన్నడు ఖల్ఫాన్,
పోరని లెక్క.
బస్తాల చుట్టి ఇద్దరం మోసుకపోయినం,
కుంజాలి కిరాణం దుకాణానికి.
తరాజు మీద పెడితే
ఎనిమిది కిలోల రెండొందలు.

"కిలో ఎంత?" అన్నడు కుంజాలి
లెక్కల మిషన్ దగ్గరికి గుంజుకుంట.

నేను ఖల్ఫాన్ దిక్కు చూసిన.
ఆయన సముద్రం దిక్కు చూసిండు.

కుంజాలి తరాజు పళ్లెం తుడిసిండు.
ఎర్రమచ్చ పోలేదు.
దాని మీదనే
ఎవ్వలికో ఉల్లిగడ్డ జోకిండు.