లైన్‌మన్

కల్యాణదుర్గం కాలేజీ గ్రౌండులో
ఆడపిల్లోళ్ళ ఫుట్‌బాల్ పోటీకి
రావాల్సిన లైన్‌మన్ రాలేదంట.
"మన తిప్పేసామి లైన్‌మనే కదప్పా" అన్నారెవరో.
కరెంటాఫీసులో టీ తాగుతాంటే పిల్చకపోయి
చేతిలో పసుప్పచ్చ జెండా పెట్టినారు.

ఇరవై రెండేండ్లుగా స్తంభాలెక్కుతాండా.
ఈ లైను నేల మీదుండాది, సున్నంతో గీసింది,
ముట్టుకుంటే షాకు కూడా కొట్టదు.
ఏమి కష్టం అనుకున్నా.

పీఈటీ మద్దిలేటి సారు బిరబిరా చెప్పినాడు:
"మన పాపకు బంతి అందించేటప్పుడు
ఆ పాప బంతికన్నా ముందుండి,
అవతలోళ్ళలో చివరి నుంచి రెండో మనిషికన్నా ముందుంటే
ఆఫ్‌సైడు. జెండా ఎత్తల్ల."
"చివరి మనిషెవరు సార్?"
"గోలీ."
"గోలీ ముందుకొచ్చేస్తే?"
"అప్పుడు చివరి మనిషి ఇంగొకరు."
"మనిషి కదిలితే గీత కదుల్తాదా?"
"గీత యాడుండాది? నువ్వే గీసుకోవల్ల."

సగం గ్రౌండు ఇవతలుంటే లేదంట.
త్రో వేస్తే లేదంట, కార్నరుకు లేదంట.
ఊరికే నిలబడినా తప్పు కాదంట,
ఆటలో వేలు పెడితేనే తప్పంట.
"అయితే సార్..." అనేలోపల
విజిల్ ఊదేసినారు.

బొరుగుల బండి షేక్షావలి ఓదార్చినాడు:
"ఏమీ లేదన్నా, రేషనంగడి కాడ
చెప్పులు పెట్టి పోతారు చూడు,
అట్ల ముందుగాల పోయి కాపు కాయకూడదు. అంతే."
పక్కనే పర్వీన్ వాళ్ళ నాయన:
"మా పాప బిరీన ఉరుకుతాది.
బిరీన ఉరికేది కూడా నేరమేనా?"

ముప్పై నాలుగో నిమిషం.
వన్నూరమ్మ తన్నింది.
నేను బంతినే చూస్తాండా, గాల్లో, ఎండలో,
తల తిప్పేసరికి పర్వీన్
అందరికన్నా పది అడుగులు ముందు, ఒంటరిగా,
గోలు.
జెండా ఎత్తేసినా.

గ్రౌండంతా ఒకటే కూత.
పర్వీన్ నా దగ్గరికొచ్చింది. ఏడుపు లేదు, కోపం లేదు.
"వన్నూరక్క తన్నినప్పుడు
నేను యాడున్నా మామా?"

నేను చూసింది ఆ పాప చేరిన చోటు.
బయల్దేరిన చోటు చూడలేదు.

ఎర్రిసామి గుర్తొచ్చినాడు.
లైన్ క్లియర్ తీసుకొనే ఎక్కినాడు,
నాకు తెలుసు, నేను కిందే ఉండా.
సబ్‌స్టేషన్‌లో ఎవరో ముందుగాల స్విచ్చు వేసినారు.
ఎంక్వయిరీకొచ్చిన సార్లు
వాడు పడిన చోటు కొలిచినారు, టేపు పెట్టి,
ఫొటో తీసినారు, చెప్పు యాడ పడిందో రాసుకున్నారు.
స్విచ్చు పడిన క్షణాన
వాని చెయ్యి యాడుందో
ఎవరూ అడగలేదు.
ఫైలులో "అజాగ్రత్త" అని ఉండాది.

రెఫరీ విజిల్ ఊదేసినాడు, గోలు పోయింది.
నేను పోయి "తప్పు నాదే సార్" అంటే
"ఆట ఆగదు, పోయి నిలబడు" అన్నాడు.

రెండో సగం బంతిని చూడడం మానేసినా.
వెనక కాపలా పిల్ల ఉంది చూడు, నాలుగో నంబరు,
ఆ పిల్ల నడిస్తే నడిచినా, ఉరికితే ఉరికినా.
కన్ను గీత మీద, చెవి తన్ను మీద.
వైరు గుంయ్‌మంటే గుర్తుపట్టే చెవులివి,
కాలికి తోలు తగిలే చప్పుడు పట్టలేవా?

ధప్.
పర్వీన్ భుజమూ నాలుగో నంబరు భుజమూ
ఒక్క వరస, దారం పట్టినట్ల.
జెండా మోకాలి కిందే ఉండాది.
అవతలోళ్ళు చేతులెత్తి అరిచినారు,
మద్దిలేటి సారు కూడా నా దిక్కే చూసినాడు.
ఎత్తలేదు.

పర్వీన్ కొట్టింది.
బంతి పోయి స్తంభానికి తగిలి
బొరుగుల బండి కిందికి దొర్లింది.

ఒకటే చేతులు తట్టినాను నేను,
లైన్‌మన్ తట్టకూడదంట,
అది కూడా ఎవరూ చెప్పలేదు.