అభ్యంతరాలుంటే చెప్పండి

షామియానా కింద మైకు ఒకటి.
నీళ్ల సీసాలు వాళ్ల బల్ల మీదే.
ఆనేకల్ నుంచి వచ్చిన ఆఫీసరు
కన్నడంలో అడిగాడు.
ఇంట్లో తెలుగు, రేషన్ షాపులో కన్నడం మాకు.
చంటిదాన్ని భుజాన వేసుకుని లేచాను.

మా తాత ఓబయ్య రాయి కొట్టినవాడే సార్.
బెంగళూరు మెట్లలో ఆయన చేతి బొబ్బలున్నాయి.
ఉలి పెట్టేముందు బండకి చెవి ఆనించేవాడు.
"ఒప్పుకున్న చోటే పగలాలే" అనేవాడు.

ఇప్పుడు రోజూ రెండింటికి సైరన్.
పాలు తాగే బిడ్డ
సైరన్‌కే నోరు వదిలేస్తుంది, పేలుడు దాకా ఆగదు.
వంటింటి గోడలో బీటకి
నెలనెలా పెన్సిల్‌తో తేదీ వేస్తున్నా.
పక్కనే, తలుపు చట్రం మీద, మా చందన ఎత్తు గీతలు.
ఈ యేడు బీటే ఎక్కువ పెరిగింది.
ఇంకో ఇరవై ఎకరాలంటే
కంచె మా బోరు దాటుతుంది.

"సాక్ష్యం ఉందా?"
గోడ ఉంది సార్, ఊడదీసుకుని రాలేను.
రెండు కావస్తోంది,
మీ సీసాలో నీళ్లు చూస్తూ ఉండండి.

అందరం చూశాం.
రెండయింది. రెండుంబావు.
నీళ్లు కదల్లేదు.
వెనక వరసలో క్వారీ మేనేజరు
ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పుట్టాక మొదటిసారి
ఆ వేళప్పుడు
నా భుజం మీద
బిడ్డ నిద్రపోతూనే ఉంది.