పదహారు దెబ్బలు

ముందు ఫ్రిజ్ ప్లగ్ పీకుతాను.
దాని గొణుగుడు స్నేర్ మోతలో దూరుతుంది మరి.
మళ్లీ పెట్టడం మరిచిపోకుండా
ఇంటి తాళాలు లోపల పాల సీసా పక్కన పెడతాను.
హీటరూ ఆపాలి, అది టిక్కు టిక్కుమంటుంది.
కోటు తొడుక్కుని డ్రమ్ముల ముందు కూర్చుంటాను.

గ్లాస్గోలో మూడో అంతస్తు.
కిటికీకి బొంత, గోడకి నిలబెట్టిన పరుపు.
వాన ఆగేదాకా కాచుకోవాలి.
ఈ ఊళ్లో వాన ఆగిందంటే
పక్క వీధికి టీ తాగడానికి వెళ్లిందని అర్థం.
ఆ కాస్త సందులోనే కొట్టాలి.

ఒక దెబ్బ.
ఊపిరి బిగబట్టి,
తోలు మీది చివరి గుసగుస కూడా
గది మూలల్లోకి ఇంకిపోయేదాకా
కదలకూడదు.
తెర మీద అది చేపలా కనిపిస్తుంది,
తల లావు, తోక సన్నం.
తోక తెగిందా, చేప చచ్చినట్టే.
తర్వాత ఇంకోటి, వెంట్రుకవాసి గట్టిగా.
అలా పదహారు మెట్లు,
ఈక రాలినంత మెల్లన నుంచి
తలుపు విరిగేంత దాకా.
ఒక్కో మెట్టు మీద నాలుగేసి సార్లు.
ఒకే దెబ్బని రెండుసార్లు వినిపిస్తే
చెవి ఇట్టే దొంగని పట్టేస్తుంది.

తొమ్మిదో మెట్టు దగ్గర
కింద నుంచి
దబ్!
చీపురు కర్ర.
ఎఫీ గిల్‌క్రిస్ట్, డెబ్బై తొమ్మిదేళ్లు.
తివాచీల మిల్లులో ముప్ఫై ఏళ్లు నిలబడి
ఎడమ చెవిని మగ్గాలకి ఇచ్చేసి వచ్చిన మనిషి.

టేక్ పాడైంది. తిట్టుకుంటూ విన్నాను.
మళ్లీ విన్నాను.
సున్నం, దూలం, నూరేళ్ల మసి దాటుకుని
కిక్ డ్రమ్ము కడుపులోని మైకులోకి వచ్చిన ఆ దబ్.
అప్పు చేసి కొన్న నా డ్రమ్ముకి
ఏనాడూ రాని గుండె ఉంది దానికి.

మర్నాడు బిస్కెట్ల డబ్బాతో కిందికి దిగాను.
క్షమాపణ సగం నోట్లో ఉండగానే అంది:
"మోతకి కాదయ్యా. మోతలో నిద్రపోవడం నాకు అలవాటే.
నువ్వు ఒకటి కొట్టి ఊరుకుంటావు.
రెండోది ఎప్పుడు పడుతుందా అని
నేను కళ్లు తెరుచుకుని పడుకుంటాను.
కొడితే వరసగా కొట్టు, లేదా చాలించు."

అడిగేశాను.
మీ చీపురు దెబ్బలు పదహారు కావాలి,
మెల్లగా మొదలుపెట్టి, పోనుపోనూ గట్టిగా.
మీటర్ చూడటానికొచ్చిన దొంగని చూసినట్టు
కింద నుంచి పైకి చూసింది.
బిస్కెట్ ఒకటి తినేదాకా ఏమీ అనలేదు.
తర్వాత చీపురు అందుకుంది.

పైకి పరిగెత్తి, మైకు తెరిచి, మడమతో నేలని తన్నాను, అదే సైగ.
దబ్. దబ్. దబ్.
పదహారూ ఒకే కోపం.
"మెల్లగా నా వల్ల కాదు!" మెట్లలోంచి కేక.
"మిల్లులో మెల్లగా పిలిస్తే ఎవరు పలికారు?"

అలా నా దగ్గర ఎఫీ పై మెట్టు ఒక్కటే ఉంది.
కింది పదిహేనూ ఖాళీ.
కంప్యూటర్‌లో శబ్దం తగ్గించి చూశాను.
దూరం నుంచి వినిపించే కోపం అయింది,
మెత్తన మాత్రం కాలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండు గంటలకి,
పరుపు నేల మీద, నేను పరుపు మీద,
మైకులన్నీ కట్టేసి ఉండగా
కింద నుంచి
టప్.
ఈక రాలినంత.
ఫ్రిజ్ గొణుగుడు కింద పడి ఇంచుమించు వినిపించనే లేదు.
పిలుపో, చీపురు చేయి జారిందో.

కళ్లు తెరుచుకుని పడుకున్నాను.
రెండోది పడలేదు.

తాళాలు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.
ఆ చల్లటి గుత్తిని గుప్పిట్లో పట్టుకుని
చెప్పులు లేకుండా మెట్లు దిగాను.
ఆమె తలుపు కింద వెలుతురు గీత.
మెల్లగా కొడితే వినదు, తెలుసు.
అయినా ముందు
మెల్లగానే కొట్టాను.