సచ్చిన గాలి

జడ్చర్ల దాటినంక మా మందుల ఫ్యాక్టరీ.
పని ఎట్ల చెయ్యాలెనో పనిచేసేటోళ్లకు రాసిచ్చుడు నా కొలువు,
ఎన్నడూ వాల్వు తిప్పని ఈ చేతులతోటి.

మొదటి కాగితం ఆడిటర్ కోసం రాసిన.
పదకొండు పేజీలు. ఏ వాక్యంల చూసినా మనిషి మాయం:
తెరవబడవలెను, ధృవీకరించబడవలెను, నమోదు చేయబడవలెను.
ఎవరు తెరవాలె? ఎవరో తెరుస్తరు.
ఆయన అద్దాలు సర్దుకొని 'బాగుంది' అన్నడు.
ఆ ఒక్క మాటను మూడు రోజులు టిఫిన్ డబ్బాల పెట్టుకొని తిరిగిన.

రెండోది ప్లాంట్ హెడ్‌కు, ఒకటే పేజీ.
ఆయన ఏది చదివినా అడుగు నుంచి చదువుతడు:
ఎంత ఖర్చు, ఎన్ని గంటలు పని ఆగుతది.
అందుకే అడుగుది తీసి నెత్తిన పెట్టిన.

మూడోది మూడో రియాక్టర్ కాడి గోడకు.
అక్కడ కురుమూర్తి ఉంటడు.
ఏడు దాకా బడి, ఆ తర్వాత గొర్ల మంద, ఆ తర్వాత హెల్మెట్.
'నైట్రోజన్ బ్లాంకెట్' అన్న మాటను
మురుసుకుంట తెలుగు చేసిన:
ట్యాంకుకు నైట్రోజన్ గొంగడి కప్పాలె.
గొంగడి! ఉన్ని వాసనొచ్చే పాలమూరు మాట.
ఇంతకంటె దగ్గరి మాట ఏ డిక్షనరీల ఉంటది?

కురుమూర్తి వేలు పెట్టి చదివిండు.
మళ్లొకసారి చదివిండు.
'మేడం, గొంగడి కింద మనిషి పండుకుంటడు గద.
వానొచ్చినా, చలి పెట్టినా మేం దూరేదే అందుల.'

నేను రాసిన మాటే
ఒక మనిషిని చెయ్యి పట్టి ట్యాంకులకు దించుతున్నట్టు కనబడ్డది.
రంగు లేదు, వాసన లేదు, దగ్గన్న రాదు.
రెండు ఊపిర్లు.
ఎచ్చగ కప్పుకున్నట్టే.

కొట్టేసిన. కాగితం చిరిగేదాక కొట్టేసిన.

ఆయన హెల్మెట్ పట్టీ వదులు చేసుకుంట అన్నడు:
'మా తాత జొన్నల పాతర తీసిననాడు
మూత తెరిచి పూటంత వదిలేసేటోడు.
లోపల గాలి సచ్చి ఉంటది, దిగొద్దురా అనేటోడు.
కందిలి తాడుకు కట్టి దించేటోడు.
దీపం ఆరిందంటె మనిషి ఆరినట్టే.'

గాలి సచ్చి ఉంటది.
నా పదకొండు పేజీలల్ల ఎక్కడా లేని మాట.

ట్యాంకు పాతర లెక్క అని రాసిన.
సిరా ఆరకముందే వెన్ను జలదరించింది.
ఈ పాతరల జొన్నలు లేవు, సాల్వెంట్ ఆవిరుంది.
చదివినోనికి కందిలి యాదికొస్తె?
దగ్గరి మాటకు చుట్టాలెక్కువ.
పిలిస్తె ఒక్కటే రాదు,
ఇంటిల్లిపాదిని, ఆఖరికి అగ్గిపెట్టెను కూడా తోలుకొస్తది.
ఇంకో వరుస కలిపిన:
దీపం దించొద్దు. మీటరు దించాలె.

సుదామ్ మాఝీది కలహండి. తెలుగు చదవరాదు.
పాతర ఎరుకనా అని సైగ చేసి అడిగిన.
సుద్దముక్క తీసుకొని నేల మీద బాయి గీసిండు.
బాయిల పడ్డ మనిషి.
ఆయనను తీయ దిగి పడ్డ ఇంకో మనిషి.
మూడో మనిషికి మీసం పెట్టిండు, పెట్టి ఆగిండు.
ఎవరని నేనడగలే.

ఆ బొమ్మనే కాగితం మీదికెక్కించిన. కింద ఒకటే మాట:
పడ్డోన్ని తీయ దిగకు. గంట కొట్టు.

ఆడిటర్ మెచ్చిన కాగితం అల్మారల ఇంకా తెల్లగనే ఉంది.
మొన్న రాత్రి షిఫ్టుల గోడ మీది దాన్ని చూసిన.
'దించొద్దు' కాడ గ్రీజు వేలిముద్ర.
ఎవరిదో, ఏ రాత్రిదో, ఎందుకు ఆగిందో అక్కడ.

పొద్దుగాల ఊడ్వొచ్చే చెన్నమ్మకు
అది తుడవొద్దని చెప్పాలె.
పెన్ను తీసిన.
మళ్ల జేబుల పెట్టి
ఆమె కాడికే నడిచిన.