ఒక గోలీకి ఎనభైమూడు బీడీలు

ముందుగాల ఉంగరం ఇరుకైంది.
ఒళ్లు జేసినవని మురిసిండ్రు మా వాడకట్టు ఆడోళ్లు.
వాపు చూసి బలుపనుకునుడంటె
సామెతనే అనుకున్న అప్పటిదాక.
సబ్బు రాసి తీసి పక్కకు వెట్టిన.

తర్వాత కత్తెర బరువైంది.
ఫర్మా కింద తునికాకు అంకరొంకర తెగుడు,
దారం ముడి వడకముందే ఇప్పుకునుడు.
కార్ఖాన మునీమ్ నా కట్టలకెల్లి
గుప్పెడు బీడీలు తీసి ఛాట్ కిందికేసి
"వేళ్లకు నిద్రవట్టిందా నర్సుబాయీ" అన్నడు.
నిద్రనే సారూ.
పొద్దుగాల తొమ్మిదైనా నా పిడికిలి లేవది.

జగిత్యాలల డాక్టర్ నిఖత్
రక్తం కాయితం మీద ఒక అంకె చుట్టు సున్న గీసింది.
సీఆర్పీ ముప్పై ఎనిమిది.
జ్వరం కాదు, దెబ్బ కాదు, లోపటి మంట అన్నది,
ఆర్పాల్సిన ఒళ్లే దాన్ని ఎగదోస్తున్నదట.
నాకు ఊక కుంపటి యాదికచ్చింది.
మంట కనవడది, పొగ సుత అంతంతే,
తెల్లారి చెయ్యి వెడితే మాత్రం
బొబ్బలెక్కుతది.

శనివారం శనివారం మింగే గోలీ రాసింది.
ఏం తింటవని అడిగింది.
చాయలు లెక్కవెట్టి చెప్పిన: పన్నెండు.
వెయ్యి బీడీలు ముట్టాలంటె అన్నానికి లేవొద్దు.
శక్కెర చాయల టోస్టు ముంచుకుంటె
ఆకలి రెండు గంటలు నోరు మూస్తది.
ఆమె తిట్టలే. కలం మూతి కొరుక్కుంట కూసున్నది.
శక్కెర తగ్గియ్యి, జొన్నరొట్టె, పాలకూర, అవిసె పొడి,
వారంల రెండుసార్లు చేపలు.
జొన్నరొట్టె!
కొట్టాలంటె మణికట్టు కావాలె గద డాక్టరమ్మా.

అటెన్క వాడకట్టు వాడకట్టే డాక్టరైంది.
వంకాయ వద్దు, చింతపండు ముట్టకు, టమాట విషం.
పక్కింటి బుచ్చవ్వ ఒక్కతే
"తినేదే ఇంత, అండ్ల ఏం బందు వెడ్తవే" అన్నది.

అప్పుడచ్చింది ఆడెపు జలజ, సంచిల డబ్బలు వట్టుకొని.
పసుపు సత్తు గోలీలు, అరవై,
పదకొండు వందల యాభై.
మా రేటు వెయ్యికి రెండు వందల ముప్పై.
అంటే ఐదు వేల బీడీలు.
ఒక్కో గోలీ మింగినప్పుడల్ల
మూడు కట్టలు, మీద ఇంకో ఎనిమిది బీడీలు
గొంతుల దిగుడు తెలుస్తుండె.
రెండు మందులకు పైసలు ఆనలే.
చెప్పకుంట శనివారం గోలీ బందు వెట్టిన.
నలభై దినాలకు మోకాళ్లు సుత జత గలిసినయి.

మెట్‌పల్లి దిక్కు పసుపు ఉడకవెట్టవోయే నా పెనిమిటి
రాజేశం, ఒక గోలీ ఇప్పి అరచేతుల పోసుకున్నడు.
ఇరవై రెండేండ్లు కడాయి ఆవిరిల నిలవడ్డ మనిషి.
ముక్కుకాడ వెట్టుకొని చానసేపు ఆగి
"దీనికి ఊరు లేదు" అన్నడు.
గంతే.
జలజ మీద కోపం రాలే నాకు.
అది అమ్మితెనే దాని ఇంట్ల కూర,
నేను చుడితెనే నా ఇంట్ల.

తెల్లారి ఆయన జొన్నపిండి ముందటేసుకున్నడు.
మొదటి రొట్టె అంచులు ఎండిన తునికాకు లెక్క పలిగినయి.
నాకు ఫర్మా వెట్టి కత్తిరియ్యాలనిపిచ్చింది.
"ఇది ఛాట్ కిందికి పోతది" అన్న.
నవ్విండు. అదే నా పళ్లెంల ఏసిండు.

మూడు నెలలకు అంకె పద్నాలుగు.
మళ్ల మొదలువెట్టిన గోలీయే ఎక్కువ పనిజేసిందన్నది డాక్టరమ్మ,
తిండి సుత ఎంతోకొంత చేసుంటది,
ఏది ఎంతని చెప్ప తక్కెడ లేదన్నది.
జలజ తన డబ్బనే అన్నది.
రాజేశం ఏమనలే,
గోర్లల్ల ఎండిన పిండి గిల్లుకుంటున్నడు.
నేనైతె పొద్దుగాల నల్లా అచ్చే యాళ్లకు
బిందె మెడ వట్టుకుంటున్న. ఏడున్నరకు.
శక్కెర లేని చాయ ఇప్పటికి సుత గడ్డి నీళ్లే.
నాలుగు తాగుతున్న.

ఖాళీ డబ్బల దారం ఉండలేసుకున్న.
మూత మీద ఒకామె ఉరుకుతున్నది,
చెమట లేదు, బూట్లు తళతళ.
ఉంగరం సుత అండ్లనే ఉన్నది, దారాల కింద.
ఇంక తీసి చూడలే.